1852 లాకౌట్: ఇంజన్ కార్ఖానాల కార్మికులు ఓడారా, నిలబడ్డారా?

పాతపుటలు

యూనియన్ల చరిత్ర అనగానే మనం బొంబాయి మిల్లుల దగ్గరో, మద్రాసు బి అండ్ సి మిల్లు దగ్గరో మొదలుపెడతాం. నూలు వడికినవాళ్ళ గురించి, బట్ట నేసినవాళ్ళ గురించి ఎంతో కొంత చదివాం. ఆ మిల్లుల్లోకి వచ్చిన యంత్రాల్ని పోత పోసి, చెక్కి, బిగించినవాళ్ళకీ వాళ్ళ యజమానులకీ మధ్య ఏం జరిగిందో తెలుగులో రాసినవాళ్ళు తక్కువ. అందుకే ఈ థ్రెడ్.

సంగతి క్లుప్తంగా ఇదీ. 1852 జనవరి 10న లండన్‌లోనూ లాంకషైర్‌లోనూ ఇంజన్లు, యంత్రాలు తయారుచేసే పెద్ద కార్ఖానాలు ఒక్కసారిగా గేట్లు మూసేశాయి. అంతకు ఏడాది ముందు, 1851 జనవరిలో, అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ అనే యూనియన్ మొదలైంది. ఇక్కడ ఇంజనీర్లంటే డిగ్రీలు చదివినవాళ్ళు కాదు. ఫిట్టర్లు, టర్నర్లు, మిల్‌రైట్లు, ప్యాటర్న్ మేకర్లు. ఆ యూనియన్ 1851 నవంబర్‌లో ఒక సర్క్యులర్ పంపింది: డిసెంబర్ 31 తర్వాత పీస్ వర్క్ (చేసిన ముక్కల లెక్కన కూలి) చేయం, రోజూ అలవాటుగా చేయించే ఓవర్‌టైమ్ చేయం, ఏ ప్రమాదమో జరిగి తప్పనిసరైతే రెట్టింపు కూలికి చేస్తాం. యజమానులు డిసెంబర్‌లో కూడి తమ సంఘం పెట్టుకున్నారు. ఏ ఒక్క చోట సమ్మె జరిగినా అందరం మూసేస్తామన్నారు, అన్నంత పనీ చేశారు. ఏప్రిల్‌కల్లా యూనియన్ నిధి కరిగిపోయింది. ఇలాంటి సంఘాల్లో ఉండబోమని కాగితం మీద సంతకం పెట్టి చాలామంది లోపలికి వెళ్ళారు.

డిమాండ్ల లెక్క చూస్తే ఓటమే, అందులో సందేహం లేదు. ఒక్కటీ నెగ్గలేదు. కానీ ఆ యూనియన్ బతికింది. అంతకు ముందు ఎన్నో సంఘాలు ఇలాంటి దెబ్బ తగలగానే చెదిరిపోయాయి. ఇది ఎందుకు చెదరలేదన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. తెలిసినవాళ్ళు చెప్పండి.

టర్నర్_బాలానగర్

మంచి టాపిక్ సార్. చాలా ఏళ్ళుగా లేత్ మీదే పని నాది, ఇనుము ముక్కని తిప్పుతూ చెక్కే మెషిన్. ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. ఓటీ వద్దని గొడవ చేయడమేంటి? మా దగ్గర ఓటీ దొరకడమే గొప్ప. పిల్లల ఫీజులు, చిట్టీ, పండక్కి బట్టలు అన్నీ ఓటీ మీదే నడుస్తాయి. ఓటీ ఎక్కువ ఇచ్చే షాపుకే కుర్రాళ్ళు మారిపోతారు.

పాతపుటలు

టర్నర్ గారూ, అప్పుడు కూడా అందరికీ ఇష్టమై వద్దనలేదు. యూనియన్ వాదన ఏంటంటే, రోజూ పన్నెండు పదమూడు గంటలు కొందరిచేత చేయిస్తే, అదే పనికి బయట ఖాళీగా ఉన్న సభ్యుడికి చోటు లేకుండా పోతుంది. ఖాళీగా ఉన్నవాడికి వారానికి ఇన్ని షిల్లింగులని ఇచ్చేది ఆ యూనియనే. అంటే ఓటీ చేసేవాడి చందా డబ్బులే, ఓటీ వల్ల పని దొరకనివాడికి భత్యంగా వెళ్తున్నాయి. లెక్క చూసేవాళ్ళకి ఇది బాగా కనపడింది.

పీస్ వర్క్ సంగతి మీకే ఎక్కువ తెలిసుంటుంది. నేర్పున్నవాడు గట్టిగా చేసి ఎక్కువ సంపాదిస్తే, వచ్చే నెల రేటు తగ్గిస్తారు. ఆ రోజుల్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. యజమాని మొత్తం పనిని ఒక మేస్త్రీకి ఇంతకని గుత్తకిచ్చేవాడు. మేస్త్రీ తన కింద మనుషుల్ని తక్కువ కూలికి పెట్టుకుని మిగిలింది జేబులో వేసుకునేవాడు. సభ్యులకి దీని మీద ఉన్నంత కోపం ఇంకేదాని మీదా లేదు.

టర్నర్_బాలానగర్

రేటు తగ్గించడం గురించి చెప్పనక్కర్లేదు. నేను పనిచేసిన ఒక షాపులో స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కనే నిలబడేవాళ్ళు. అప్పుడు టూల్ గ్రైండ్ చేసే టైమ్, జాబ్, అంటే చెక్కాల్సిన ముక్క, సెట్ చేసే టైమ్ కలపరు. చిప్ పడుతున్నంతసేపే లెక్క. చేత్తో మైక్రోమీటర్ పట్టుకున్న నిమిషం పని కాదన్నట్టు. ఇప్పుడర్థమైంది వాళ్ళ బాధ.

కృష్ణాతీరం

1852తో మొదలుపెడితే సగం కథే వస్తుంది. నేను చరిత్ర పాఠాలు చెబుతాను, కాబట్టి ఇంకాస్త వెనక్కి తీసుకెళ్తాను.

ఆవిరి యుగానికి ముందు మిల్లుల పనంతా మిల్‌రైట్ చేతిలో ఉండేది. వడ్రంగం, కమ్మరం, కొలతలు, లెక్కలు, నీటి చక్రం నిలబెట్టడం అన్నీ ఒక్కడే చేసేవాడు. అలాంటి మనిషికి గిరాకీ ఎక్కువ, పంతం ఎక్కువ. 1799 ఏప్రిల్‌లో లండన్ మిల్‌రైట్ యజమానులు తమ కార్మికులు జట్టు కట్టి కూలి పెంచమంటున్నారని పార్లమెంటుకి పిటిషన్ పెట్టారు. ఆ ఒక్క వృత్తికే చట్టం ఎందుకు, అన్ని వృత్తులకీ వర్తించేలా చేద్దామని సూచించింది ఎవరో తెలుసా? విల్బర్‌ఫోర్స్. బానిస వ్యాపారం రద్దు కోసం పోరాడిన ఆయనే. ఆ జులైకల్లా కార్మికులు కూలి కోసం కలవడమే నేరమని చట్టం వచ్చింది. మరుసటి ఏడాది, అంటే 1800లో, ఇంకోసారి సవరించారు. 1824 దాకా అది అమల్లో ఉంది. ఇంగ్లండ్ కార్మికులందరి మీదా పడ్డ ఆ చట్టానికి నిప్పు రాజేసింది యంత్రాలు చేసేవాళ్ళ గొడవే.

ఇంకో వైపూ చూడండి. 1811లో స్కాట్లండ్ నుంచి విలియం ఫేర్‌బేర్న్ అనే కుర్రాడు పని కోసం లండన్ వచ్చాడు. రెన్నీ కార్ఖానాలో పని ఇస్తామన్నారు, కానీ మిల్‌రైట్ల సొసైటీ ఒప్పుకోవాలి. సొసైటీ ఒప్పుకోలేదు. చేతిలో డబ్బుల్లేక ఊరు వదిలి పని వెతుక్కుంటూ నడిచి వెళ్ళాడు. చట్టం ప్రకారం అప్పుడు సొసైటీ ఉండనే కూడదు! నిషేధం ఉన్న కాలంలోనే ఎవరు పనిచేయాలో సంఘం తేల్చేది. ఆ ఫేర్‌బేర్న్ తర్వాత మాంచెస్టర్‌లో పెద్ద యజమాని అయ్యాడు. 1837 ప్రాంతంలో తన దగ్గర బాయిలర్ మేకర్లు సమ్మె చేస్తే, రివెట్లు కొట్టే యంత్రం తయారు చేయించాడు. ఆ రివెటింగ్ మెషిన్ పుట్టుక సమ్మె వల్లేనని ఆయనే చెప్పుకున్నాడు.

నల్గొండ_నేత

మేడమ్ చెప్పిన చివరి మాట దగ్గరే నాకు ఈ కార్మికుల మీద సానుభూతి సగం తగ్గుతుంది. మా తాత నల్గొండ జిల్లా నుంచి బొంబాయి మిల్లుకి వెళ్ళిన పద్మశాలి. వర్లీలో చాలీలో బతికాడు. కాబట్టి నేను నేతవాళ్ళ వైపు నుంచే చూస్తాను, దాచేదేం లేదు.

1820ల్లో లాంకషైర్‌లో మ్యూల్ స్పిన్నర్లు, అంటే మ్యూల్ అనే యంత్రం మీద నూలు వడికేవాళ్ళు, బలమైన వర్గం. మ్యూల్ బండిని ముందుకీ వెనక్కీ లాగి, నూలు పురి సరిచూసే నేర్పు వాళ్ళ చేతుల్లో ఉంది కాబట్టి సమ్మె చేస్తే మిల్లు ఆగాల్సిందే. స్టేలీబ్రిడ్జి ప్రాంతపు మిల్లు యజమానులు సమ్మెతో విసిగి మాంచెస్టర్‌లో రిచర్డ్ రాబర్ట్స్ అనే యంత్రాల మేధావి దగ్గరికి వెళ్ళారు. స్పిన్నర్ అవసరం లేని మ్యూల్ చేసిపెట్టమన్నారు. మొదట కాదన్నాడు, వాళ్ళు వదల్లేదు. 1825లో పేటెంట్, 1830లో ఇంకా మెరుగైనది. దాన్ని మిల్లుల్లో ‘ఇనుప మనిషి’ అన్నారు.

దాని ఒక్కో చక్రాన్నీ చెక్కి బిగించింది ఎవరు? ఈ థ్రెడ్‌లో మనం మాట్లాడుకుంటున్న ఫిట్టర్లూ టర్నర్లే. స్పిన్నర్ల సమ్మెని విరిచే యంత్రం తయారవుతుంటే వాళ్ళు పనిముట్లు కింద పెట్టలేదు. తర్వాత అదే పద్ధతి తమ మీదికి వస్తే అన్యాయమన్నారు.

టర్నర్_బాలానగర్

అన్నా, కోపం సరే, కానీ షాపులో మనిషికి ఏ జాబ్ ఎక్కడికి పోతుందో తెలియదు. డ్రాయింగ్ వస్తుంది, చేస్తాం. నేను చేసిన షాఫ్టు ఎవరి ఉద్యోగం తీసిందో నాకెలా తెలుస్తుంది?

అయితే తమ మీదికి ఎలా వచ్చిందో నేను చెప్పగలను, ఎందుకంటే అది లేత్ కథే. పాత కాలంలో టర్నర్ టూల్‌ని చేత్తో పట్టుకునేవాడు. పొడుగు పిడి ఉన్న టూల్‌ని రెస్ట్ మీద ఆనించి, పిడిని చంకలో ఇరికించుకునో భుజానికి ఆనించుకునో, ఒంటి బరువంతా వేసి ఇనుము మీద ఆపాలి. కొంచెం చెయ్యి వదులైతే టూల్ జాబ్‌ని కొరికేస్తుంది, జాబ్ పాడు. ఆ పట్టు ఏళ్ళ తరబడి చేస్తే గానీ రాదు. హెన్రీ మాడ్‌స్లే స్లైడ్ రెస్ట్ పెట్టాక టూల్ బిగించి ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే స్క్రూ మీద నడుస్తుంది. బలం, వణుకు లేని చెయ్యి ఇవన్నీ మనిషి నుంచి మెషిన్‌లోకి పోయాయి. ఆటో ఫీడ్ వచ్చాక హ్యాండిల్ కూడా తిప్పక్కర్లేదు. ఇప్పుడు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) వచ్చి నాకు జరిగిందే వాళ్ళకి అప్పుడు జరిగింది. నా పక్కన ప్రోగ్రామ్ లోడ్ చేసి బటన్ నొక్కే పిల్లాడికి స్క్రూ థ్రెడ్ కట్ చేయడం చేత్తో రాదు, వాడికి అవసరం కూడా లేదు.

పాతపుటలు

టర్నర్ గారి పోస్టుకి ఒక లెక్క జోడిస్తాను. పోత ఇనుము ముక్కని చదును చేయాలంటే అంతకు ముందు ఉలితో చెక్కి ఆకురాయితో రాయడమే. అలా ఒక చదరపు అడుగు తీయడానికి 12 షిల్లింగుల కూలి అయ్యేదని, ప్లేనింగ్ మెషిన్ వచ్చాక అది ఒక పెన్నీ కంటే తగ్గిందని జోసెఫ్ విట్‌వర్త్ 1856లో చెప్పాడు. షిల్లింగుకి 12 పెన్నీలు. అంటే 144 పెన్నీల పని ఒక పెన్నీలోపుకి వచ్చింది. ఆ ప్లేనింగ్ మెషిన్ తొలి తయారీదారుల్లో పైన నేత గారు చెప్పిన రిచర్డ్ రాబర్ట్స్ కూడా ఒకడు, 1817లో.

ఇంత చవకైతే యజమాని ఆగుతాడా? ఆ మెషిన్ మీద ఏడేళ్ళు అప్రెంటిస్ చేసినవాడిని కాకుండా హెల్పర్‌ని నిలబెడతాడు. 1851లో ఓల్డ్‌హామ్‌లో హిబ్బర్ట్ అండ్ ప్లాట్ కంపెనీలో గొడవ మొదలైంది ఇక్కడే. ఓవర్‌టైమ్, పీస్ వర్క్‌లతో పాటు, ప్లేనింగ్, స్లాటింగ్ వంటి మెషిన్ల మీద నుంచి హెల్పర్లను తీసేసి యూనియన్ మెకానిక్‌లను పెట్టాలని అక్కడి కార్మికులు అడిగారు. లాకౌట్ నాటికి యూనియన్ నాయకత్వం ఈ మూడో డిమాండ్‌ని పక్కన పెట్టి, మా గొడవ ఓవర్‌టైమ్, పీస్ వర్క్ మాత్రమే అంది. యజమానులు మాత్రం పత్రికల్లో దీన్నే పట్టుకున్నారు. మా మెషిన్ మీద ఎవర్ని పెట్టుకోవాలో మాకు చెబుతారా అని.

నల్గొండ_నేత

అదిగో, అసలు విషయం బయటికొచ్చింది. హెల్పర్ని మెషిన్ మీద నుంచి దించమని అడిగింది యూనియన్. ఆ హెల్పర్ కూడా కూలివాడే కదా? ఆ హెల్పర్లని తీసుకొచ్చి సభ్యులుగా చేసుకుని, మెషిన్ ఎవరు నడిపినా ఇదే కూలి ఇవ్వాలని అడిగి ఉంటే యజమాని ఆట అక్కడితో ఆగేది. అలా చేయలేదు. అప్రెంటిస్ చేయనివాడికి సభ్యత్వం లేదు. లాకౌట్ అయినప్పుడు సభ్యులు సుమారు 3,500 మంది బయటపడితే, వాళ్ళతో పాటు 10,000 మంది దాకా హెల్పర్లు, లేబర్ రోడ్డున పడ్డారు. సభ్యుడికి భత్యం వచ్చింది. ఆ పది వేల మందికి?

మన దగ్గర పర్మనెంట్ వాళ్ళ యూనియన్ గేటు లోపల, కాంట్రాక్ట్ లేబర్ గేటు బయట. యూనిఫామ్ రంగు కూడా వేరు. క్యాంటీన్‌లో బల్ల వేరు. నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో వేజ్ సెటిల్‌మెంట్ అయిన రోజు పర్మనెంట్ వాళ్ళు స్వీట్లు పంచారు, కాంట్రాక్ట్ వాళ్ళకి రూపాయి పెరగలేదు. దాని మొదలు ఇక్కడుందని నా అనుమానం.

కృష్ణాతీరం

నేత గారూ, మీరన్న దాంట్లో న్యాయం ఉంది. ఒక్క సవరణ మాత్రం. హెల్పర్లని పూర్తిగా గాలికి వదిలేయలేదు. వాళ్ళకీ, సభ్యులు కాని నైపుణ్యం ఉన్నవాళ్ళకీ సాయం చేయడానికి చందాలు వసూలు చేశారు. పనిలో ఉన్న ఇతర ఊళ్ళ సభ్యులు వారం వారం అదనంగా వేసుకున్నారు. ఆ భారమే నిధిని త్వరగా ఖాళీ చేసింది. అయినా అది సాయమే గానీ హక్కు కాదు. మీ విమర్శ అలాగే నిలబడుతుంది.

యజమానుల వైపు నేస్మిత్ ఏం చేశాడో కూడా చెప్పాలి. ఆవిరి సుత్తిని కనిపెట్టిన జేమ్స్ నేస్మితే. మాంచెస్టర్ దగ్గర ప్యాట్రిక్రాఫ్ట్‌లో ఆయన కార్ఖానా. 1836లో అప్రెంటిస్ చేసినవాళ్ళనే పెట్టుకోవాలని యూనియన్ పట్టుబట్టి సమ్మె చేస్తే, స్కాట్లండ్ నుంచి 64 మందిని దింపి దాన్ని విరగ్గొట్టాడు. తెలివైన లేబర్ కుర్రాళ్ళని ఏరి మెషిన్ల మీదకి ఎక్కించడం ఆయనకి సిద్ధాంతం లాంటిది. తర్వాత కార్మిక సంఘాల మీద వేసిన రాయల్ కమిషన్ ముందు, స్వయంచాలిత యంత్రాలు పెట్టి పెద్దవాళ్ళ సంఖ్యని 1,500 నుంచి 750కి తగ్గించానని, లాభం బాగా పెరిగిందని చెప్పాడు. మెషిన్‌ని కనిపెట్టుకుని ఉండడానికి కుర్రాడు చాలన్నది ఆయన మాట.

అంటే హెల్పర్ పైకి ఎదగడం నేస్మిత్‌కి ముఖ్యం కాదు. హెల్పర్‌ని ఎక్కించి ఫిట్టర్‌ని దించి, ఇద్దరి కూలీ కిందికి లాగడమే ముఖ్యం. ఫిట్టర్ భయం ఊహ కాదు.

న్యాయపక్షం_ఓరుగల్లు

చదువుతూ వచ్చాను, సంతకం పెట్టించుకున్న కాగితం దగ్గర ఆగాను. నేను లేబర్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను.

దాన్ని వాళ్ళు ‘డాక్యుమెంట్’ అనేవాళ్ళు. కార్మికుల పనిలో జోక్యం చేసుకునే ఏ సంఘంలోనూ నేను లేను, చేరను అని రాసి సంతకం పెడితేనే పని. 1830ల నుంచీ ఇంగ్లండ్ యజమానులకి ఇది అలవాటైన ఆయుధం. 1852 ఏప్రిల్‌లో యూనియన్ కార్యవర్గం ఏమనుకుందంటే, ఆకలితో పెట్టించిన సంతకం మనిషిని కట్టేయదు, పెట్టండి, లోపలికి వెళ్ళండి, సభ్యత్వం వదలకండి. నైతికంగా ఇది తప్పని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. నాకైతే తప్పు కనపడదు. గేటు దగ్గర నిలబెట్టి, వెనక పిల్లలు పస్తులుంటే తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. మన కాంట్రాక్ట్ చట్టంలో కూడా స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతికే విలువ.

ఇంకో కేసు కూడా ఈ వృత్తిదే. 1846లో న్యూటన్ లె విల్లోస్‌లో జోన్స్ అండ్ పాట్స్ అనే రైలింజన్ల కంపెనీలో గొడవ జరిగితే, మెకానిక్‌ల యూనియన్ ప్రధాన కార్యదర్శి హెన్రీ సెల్స్‌బీతో సహా ఇరవై మందికి పైగా కార్మికుల మీద కుట్ర కేసు పెట్టారు. కార్మికుల తరఫున డబ్ల్యూ. పి. రాబర్ట్స్ అనే చార్టిస్టు (కార్మికులకి ఓటు హక్కు కోరిన ఉద్యమం మనిషి) లాయరు దిగాడు. 1847లో లివర్‌పూల్‌లో కొందరికి శిక్ష పడింది, పై కోర్టులో అది నిలవలేదు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, సంఘం పెట్టుకోవడం 1824 తర్వాత నేరం కాదు. అయినా సంఘం చేసే ప్రతి పనినీ కుట్ర అనొచ్చు. పనికి రావొద్దని ఒకడికి చెప్పడం కూడా కుట్ర.

డెబ్బై ఏళ్ళ తర్వాత మద్రాసులో అదే జరిగింది. 1918 ఏప్రిల్‌లో సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడుల చొరవతో, బి. పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. కార్మికులు కాంట్రాక్టు తప్పేలా ప్రేరేపించారని, బి అండ్ సి మిల్లు నడిపే బిన్నీ కంపెనీ వాడియా మీద హైకోర్టుకి వెళ్ళి ఇంజంక్షన్ తెచ్చుకుంది. మనకి ట్రేడ్ యూనియన్ల చట్టం లేకపోవడం వల్ల ఇంగ్లండ్‌లో పాతబడిన వాదనే ఇక్కడ చెల్లింది. ఆ కేసు రేపిన అలజడి వల్లే 1926 చట్టానికి దారి పడింది. యూనియన్ నాయకుడి మీద కుట్ర సెక్షన్ పెట్టకుండా మినహాయింపు ఆ చట్టం 17వ సెక్షన్‌లో పెట్టారు. ఆ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు సెల్స్‌బీ గుర్తొస్తాడు.

టర్నర్_బాలానగర్

లాయర్ గారూ, సంతకం సంగతి ఇప్పటికీ ఉంది. నేను పనిచేసిన చోట సమ్మె అయ్యాక ‘గుడ్ కండక్ట్ బాండ్’ అని ఇచ్చారు. ఇంగ్లీషులో రెండు పేజీలు. చదివి చెప్పేవాళ్ళు లేరు. సెక్యూరిటీ క్యాబిన్ కిటికీలోంచి పెన్ను ఇచ్చి, సంతకం పెట్టినవాడికే పంచింగ్ కార్డు. నా ముందున్న పెద్దాయన చేతులు వణికాయి, నలభై ఏళ్ళ ఫిట్టర్. పెట్టాం అందరం. ఆ వారమే మళ్ళీ చందా కూడా కట్టాం.

సముద్రం_ఒడ్డు

నేను విశాఖ వాడిని, షిప్ రిపేర్‌లో పని. ఒక చిన్న సంగతి చెప్పి వెళ్తాను. ఆ లాకౌట్ తర్వాత బ్లాక్‌లిస్టు అయినవాళ్ళలో కొందరు ఆస్ట్రేలియాకి ఓడెక్కారు. వాళ్ళ ప్రయాణానికి సాయం చేసినవాళ్ళలో లార్డ్ గోడెరిచ్ లాంటి పెద్దలు కూడా ఉన్నారు. ఫ్రాన్సెస్ వాకర్ అనే ఓడలో సిడ్నీ వెళ్తున్న సభ్యులు నేల మీద కాలు పెట్టకముందే, నడి సముద్రంలోనే, 1852లో తమ యూనియన్ శాఖ పెట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో ఇప్పటి మెటల్ వర్కర్స్ యూనియన్ తన పుట్టుకని అక్కడి నుంచే చెప్పుకుంటుంది.

పాతపుటలు

సముద్రం గారూ, బాగా చెప్పారు. నేను మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఆ ఓడలోనే సగం ఉంది. పని పోయి, దేశం వదిలి వెళ్తున్నవాడు కూడా చందా పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఎందుకు?

నా అవగాహన చెబుతాను. వారానికి ఒక షిల్లింగ్ చందా. ఆ కాలానికి అది చాలా ఎక్కువ, మామూలు కూలివాడు కట్టలేడు. దానికి బదులు పని లేనప్పుడు భత్యం, జబ్బు చేస్తే భత్యం, ముసలితనంలో పింఛను, చనిపోతే అంత్యక్రియల ఖర్చు. 1826లో మాంచెస్టర్‌లో పుట్టి, ఈ అమాల్గమేటెడ్‌కి వెన్నెముక అయిన పాత మెకానిక్‌ల సంఘం నుంచి వచ్చిన పద్ధతి ఇది. పదేళ్ళు చందా కట్టినవాడు సంతకం పెట్టినంత మాత్రాన సంఘం వదులుకోడు. వదిలితే పింఛను పోతుంది. యజమాని పెట్టిన భయానికి మించిన ఆధారం సంఘం దగ్గర ఉంది.

నడిపిన మనుషులిద్దరు. విలియం న్యూటన్ మాటకారి. లండన్‌లో ఒక కార్ఖానాలో ఫోర్‌మన్‌గా ఉండగా యూనియన్ పని చేస్తున్నాడని తీసేశారు. బర్మింగ్‌హామ్‌లో 1850 సెప్టెంబర్‌లో చిన్న చిన్న సంఘాలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది ఆయనే. లాకౌట్ అయిన ఏడాదే టవర్ హామ్లెట్స్ నుంచి పార్లమెంటుకి నిలబడి 1,095 ఓట్లు తెచ్చుకున్నాడు, ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటున్న రోజుల్లో. విలియం అలెన్ లెక్కల మనిషి. ప్రధాన కార్యదర్శిగా 1874లో చనిపోయేదాకా ప్రతి పెన్నీకీ పద్దు రాయించాడు. లాకౌట్ తర్వాత సభ్యత్వం సుమారు 12 వేల నుంచి 10 వేల లోపుకి పడింది. 1867లో రాయల్ కమిషన్ ముందు అలెన్ నిలబడేసరికి 33 వేల పైచిలుకు సభ్యులు, 308 శాఖలు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 238, స్కాట్లండ్‌లో 33, ఐర్లండ్‌లో 11, వలసల్లో 14, అమెరికాలో 11, ఫ్రాన్స్‌లో ఒకటి. 1859లో లండన్ తాపీ, వడ్రంగి కార్మికుల మీద ఇదే ‘డాక్యుమెంట్’ పెట్టి లాకౌట్ చేస్తే, వరసగా మూడు వారాలు వెయ్యేసి పౌండ్లు పంపించింది ఈ ఓడిపోయిన యూనియనే. యజమానులు ఆ డబ్బు చూసి కంగుతిన్నారు.

నల్గొండ_నేత

పాతపుటలు గారూ, మీ లెక్క బాగుంది, కానీ అదే లెక్క తలుపు కూడా మూసింది. షిల్లింగ్ కట్టగలిగినవాడికే సంఘం. ముసలితనంలో పింఛను ఇవ్వాలి కాబట్టి నిధి కాపాడాలి, నిధి కాపాడాలి కాబట్టి సమ్మె వద్దు. సమ్మెలన్నీ డబ్బు దండగని ఆ కమిషన్ ముందు అలెనే చెప్పాడు కదా. యూనియన్ కార్యదర్శి నోట రావాల్సిన మాటేనా అది?

దానికి 1871 జవాబు చెప్పింది. న్యూకాజిల్‌లో ఇంజన్ కార్ఖానాల వాళ్ళు రోజుకి తొమ్మిది గంటల పని కోసం మే నెలలో సమ్మెకి దిగారు. వాళ్ళలో ఎక్కువమంది ఏ యూనియన్‌లోనూ లేనివాళ్ళే. జాన్ బర్నెట్ నాయకత్వంలో నైన్ అవర్స్ లీగ్ అని పెట్టుకుని నడిపారు. లండన్‌లో అలెన్ కార్యవర్గం మాత్రం చెయ్యి బిగబట్టే సాయం చేసింది. యజమానుల వైపు ఆర్మ్‌స్ట్రాంగ్, ఫిరంగుల తయారీలో అంత పెద్దవాడు. బెల్జియం, జర్మనీ, డెన్మార్క్‌ల నుంచి పనివాళ్ళని దింపారు. అప్పుడు ఇంటర్నేషనల్ అనే దేశదేశాల కార్మికుల సంఘం మనుషులు వెళ్ళి, సంగతిదీ అని వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పి చాలామందిని వెనక్కి పంపించారు. అక్టోబర్‌లో యజమానులు దిగొచ్చారు, వారానికి 54 గంటలు. ఆ తర్వాత మిగతా ఊళ్ళలో పెద్ద సమ్మెలు లేకుండానే అది పాకింది. నిధి పెట్టెకి తాళం వేసుకుని కూర్చున్నవాళ్ళు సాధించలేనిది, తలుపు తీసినవాళ్ళు అయిదు నెలల్లో సాధించారు.

ఇంకో మాట. 1851లో గొడవ మొదలైన ఆ హిబ్బర్ట్ అండ్ ప్లాట్ కంపెనీయే తర్వాత ప్లాట్ బ్రదర్స్ అయింది. బొంబాయిలో 1854లో పెట్టిన మొదటి మిల్లుకి యంత్రాలు ఓల్డ్‌హామ్ నుంచి వచ్చాయి. 1843 దాకా ఇలాంటి యంత్రాలు దేశం దాటించడమే ఇంగ్లండ్‌లో నిషేధం. అది ఎత్తేశాకే మన మిల్లులు. పాత మిల్లు ఫ్రేముల మీద పోతలో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ హెల్పర్ తక్కువ కూలికి ప్లేన్ చేసిన ఫ్రేము మీదే ఇక్కడ మా ఊళ్ళ వాళ్ళు ఇంకా తక్కువ కూలికి పనిచేశారు.

కృష్ణాతీరం

నేత గారూ, తలుపు తీస్తే గెలుస్తారన్న దానికి 1897 కూడా చూడండి. ఈసారి ఎనిమిది గంటల పని కోసం లండన్‌లో మొదలైంది. యజమానులు దేశమంతా ఫెడరేషన్‌గా కట్టుకుని జులైలో లాకౌట్ చేశారు. వాళ్ళ తరఫున ముందున్న కల్నల్ డయర్ ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ మనిషే. 1898 జనవరి దాకా నడిచింది. యూనియన్ ఓడింది. ఒప్పందంలో ఏ మెషిన్ మీద ఎవర్ని పెట్టాలో యజమాని ఇష్టమని రాయించుకున్నారు. 1851లో ఓల్డ్‌హామ్‌లో అడిగిన ప్రశ్నకి యజమానులు తమ జవాబు రాసి సంతకం పెట్టించుకోవడానికి 46 ఏళ్ళు పట్టింది. దీన్ని బట్టి నాకు అనిపించేది, హెల్పర్‌ని బయట ఉంచి మెషిన్‌ని కాపాడుకోవడం ఎంత నిధి ఉన్నా కుదరలేదు. ఈ విషయంలో నేను మీ పక్షం.

అయితే ఆ నిధీ ఆ పద్దులూ లేకపోతే 1897లో ఆరు నెలలు నిలబడే సంఘమే ఉండేది కాదు. అందులో పాతపుటలు గారి పక్షం.

టర్నర్_బాలానగర్

మరి హెల్పర్లని ఎప్పుడు చేర్చుకున్నారు మేడమ్? మా షాపులో డీబరింగ్, ఇన్‌స్పెక్షన్ అంతా ఇప్పుడు ఆడపిల్లలే చేస్తున్నారు, ఒకరిద్దరు లేత్ మీద కూడా ఉన్నారు. వాళ్ళకి చోటు ఎప్పుడొచ్చింది?

కృష్ణాతీరం

మెల్లమెల్లగా. 1920లో ఇంకొన్ని సంఘాలు కలిసి అమాల్గమేటెడ్ ఇంజనీరింగ్ యూనియన్ అయింది. నైపుణ్యం లేని మగవాళ్ళకి 1926లో తలుపు తెరిచారు. ఆడవాళ్ళకి ఇంకా ఆలస్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో వేల మంది ఆడవాళ్ళు తుపాకి గుళ్ళు, షెల్లులు తిప్పే లేత్‌ల మీద పనిచేశారు. యుద్ధం అయిపోగానే ఇళ్ళకి పంపించేశారు, యూనియన్ కూడా పంపాలనే పట్టుబట్టింది. రెండో యుద్ధంలో మళ్ళీ అదే లేత్‌ల మీదకి వచ్చారు. 1943 జనవరిలో గానీ ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోలేదు. తీసుకున్న ఏడాదిలోపే లక్ష మందికి పైగా చేరారు.

మీ షాపులో లేత్ మీద ఉన్న అమ్మాయిలకి యూనియన్ ఉందా? వాళ్ళ కూలి మీ రేటేనా?

టర్నర్_బాలానగర్

రేటు కాదు మేడమ్, మూడో వంతు తక్కువ. యూనియన్ లేదు. రేపు మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు వాళ్ళతో మాట్లాడి, ఏమన్నారో ఇక్కడ రాస్తాను. లాయర్ గారూ, కొత్తగా యూనియన్ రిజిస్టర్ చేయాలంటే ఎంతమంది సంతకాలు కావాలి?

న్యాయపక్షం_ఓరుగల్లు

దరఖాస్తు మీద ఏడుగురు సభ్యుల సంతకాలు. దాంతో పాటు ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళలో పదో వంతు గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఏడుగురికి తగ్గకూడదు. పేర్ల జాబితా బయటికి పొక్కకుండా చూసుకోండి. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, ఫారం నింపడంలో సాయం చేస్తాను.